బిగించిన ఆవిరి బావి

దీర్లేవ్ మా ఊరి వేడినీళ్ల ఆఫీసులో చేరి ముప్పై ఒక్కేళ్లు. ఐస్‌లాండ్‌లో మాకు బొగ్గుతో పనిలేదు. భూమి లోపలి ఆవిరితోనే దీపాలు వెలుగుతాయి, స్నానాలకు నీళ్లు కాగుతాయి, టమాటాలు పండే గాజు ఇళ్లు వెచ్చగా ఉంటాయి. ఆ ఆవిరి పైకొచ్చే బావుల్ని రోజూ తిరిగి చూసుకోవడమే ఆవిడ ఉద్యోగం. ఒక్కపూట నాగా లేదు. మొగుడు హావార్దుర్‌కి చక్కెర జబ్బు ముదిరి, పాదాలకు స్పర్శ పోయిందని డాక్టరు తేల్చి చెప్పిన రోజున కూడా ఆసుపత్రి నుంచి తిన్నగా బావుల దగ్గరికే వెళ్లింది. అదేం మనిషోనని నేనే తిట్టుకున్నాను.

వాళ్ల పెరట్లోనే ఒక పాత బావి ఉంది. గొట్టంలోంచి రాత్రింబవళ్లు ఈల వేస్తూనే ఉంటుంది. నాలుగేళ్లుగా మంచం దిగని హావార్దుర్‌కి ఆ మోత నరకం.

"దాని గొంతు నొక్కవే తల్లీ! ఒక్క పూటైనా కన్ను మూయనీ."

"అది బావి. మా అమ్మ కాదు, నువ్వు కసిరితే నోరు మూసుకోడానికి."

"మీ అమ్మే నయం. మధ్యలో ఊపిరైనా పీల్చుకునేది!"

అక్టోబరులో ఒక మధ్యాహ్నం విసుగెత్తి వెళ్లి వాల్వు బిగించేసింది. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. అన్నేళ్ల సర్వీసులో చెప్పకుండా చేసిన పని అదొక్కటే.

ఈల ఆగింది. ముసలాయన పన్నెండు గంటలు గుర్రుపెట్టి నిద్రపోయాడు. కానీ మా ఊరి అలవాటుగా, ఉడకడానికని బావి పక్క వేడి మట్టిలో ఆమె పాతిపెట్టిన రొట్టె, మర్నాడు తవ్వి తీస్తే, పచ్చి పిండిగానే ఉంది. ఏళ్ల తరబడి తప్పకుండా ఉడికిన రొట్టె. ఆ మట్టి చల్లగా, చచ్చిన చేప ఒంటిలా ఉంది. మరి వేడి ఎటు పోయినట్టు?

నవంబరులో మంచు పడ్డాక తెలిసింది. తెల్లటి పెరట్లో మూరెడు వెడల్పున పచ్చటి చార. దానిమీద మంచు నిలవడంలేదు. బావి దగ్గర మొదలై ఇంటివైపు పదడుగులు వచ్చింది. వారం తిరిగేసరికి ఇరవై. నడి చలికాలంలో లేత గడ్డి మొలిచింది, దానిమీద ఈగలు కూడా ముసిరాయి. ఎక్కడా వంకర లేదు, నేరుగా పడకగది గోడకే వస్తోంది.

దీర్లేవ్ పరుగున వెళ్లి వాల్వు తిప్పబోయింది. లోపల రాయిలా గార కట్టేసింది. సుత్తి పెట్టి బాదినా కదల్లేదు.

ఆఫీసులో కాఫీ తాగుతూ పక్క కుర్చీలో కూర్చునే బ్రిన్యార్ అడిగాడు: "ఏం దీర్లేవ్, నువ్వు తెచ్చే రొట్టె ముక్క మొహం చూసి నెల దాటింది. మామీద అలిగావా?"

చెబితే అప్పుడే చెప్పాలి. నోటిదాకా వచ్చింది కూడా.

"పిండి అయిపోయింది," అంది. రేపు చెబుదామనుకుంది. పాడు రేపు, మూడు వారాలు సాగింది.

ఇల్లు వేడెక్కసాగింది. మా ఊళ్లో ఇల్లు వేడెక్కితే వేడి తగ్గించం, కిటికీ తెరుస్తాం. వేడి మాకు అంత చవక. ఆమె కూడా ఒక కిటికీ తెరిచింది, తర్వాత రెండోది, తర్వాత అన్నీ. పిల్లి మాత్రం బయటికి పోయి మంచులో కూర్చుంది. ఎంత పిలిచినా గడప తొక్కలేదు.

డిసెంబరులో మాకు పొద్దు ఆలస్యం; ఒకరోజు పొద్దున పదకొండింటికి, అప్పుడప్పుడే తెల్లవారుతుండగా, పడకగదిలోంచి కేక వినబడింది. వెళ్లి చూస్తే హావార్దుర్ మంచం అంచున కూర్చుని, పాదాలు రెండూ నేలకు ఆనించి ఉన్నాడు. కళ్లవెంట నీళ్లు కారిపోతున్నాయి. మొహం వెలిగిపోతోంది.

"దీర్లేవ్! పాదాలకి వెచ్చగా తెలుస్తోందే! నేల తెలుస్తోంది! నాకు నయమైపోతోందే!"

సూది గుచ్చినా తెలియని పాదాలవి. వాటికి వెచ్చగా ఉందంటే ఆ నేల ఎంత కాలుతూ ఉండాలి? చెక్కల సందుల్లోంచి సన్నగా ఆవిరి లేస్తోంది. అరికాళ్ల అంచున చర్మం తెల్లగా ఉబ్బి వేలాడుతోంది.

"కాళ్లు పైకి తియ్యి!"

"తియ్యను. నాలుగేళ్ల తర్వాత నా కాళ్లు నాకొచ్చాయి. పిచ్చిదానా, నవ్వవే!"

చంకల కింద చేతులు దూర్చి, తిడుతున్నా వినకుండా ఈడ్చుకుపోయింది. వాకిలి దాటారో లేదో, వెనక పడకగది నేల ఫెళ్లున విరిగింది. మరిగే బురద మంచం మీదికి ఎగజిమ్మింది.

పెరట్లో అతన్ని కూర్చోబెట్టి, ఆ కాళ్లకు మంచు కప్పుతూ దీర్లేవ్ బావురుమంది. "తప్పు నాదే. బావి నేనే బిగించాను. ఎవరికీ చెప్పలేదు. నన్ను చంపెయ్యి."

అతను వినడంలేదు. పాదాలకేసి చూసుకుంటున్నాడు.

"పోతోందే," అన్నాడు. "మళ్లీ ఏమీ తెలియడంలేదు. నన్ను లోపలికి తీసుకుపోవే."