లోడ్ ముప్పై, పని సున్నా

రాష్ట్రం రాకముందు మాట. నాచారం పారిశ్రామికవాడలో ఒక షెడ్డు మీద మా ఆఫీసు. కింద లారీలకు డ్రమ్ములు ఎక్కించేవాళ్ళు, పైన మేము వెబ్‌సైట్లు నడిపేవాళ్ళం. మా యజమాని అంతకుముందు లారీలు తిప్పినవాడు. ఇంటర్నెట్‌లో మంచి గిరాకీ ఉందని ఎవరో చెబితే ఇటు వచ్చాడు. సర్వర్లు చూసుకోవడానికి ఇద్దరం: కాకినాడ నుంచి వచ్చిన సీనియర్ ఒకాయన, నేను. ఆయన పర్మనెంట్, నేను టెంపరరీ. నా ఉద్యోగం పక్కా కాకపోతే మళ్ళీ బోడుప్పల్ బళ్ళో పిల్లలకు మౌస్ పట్టుకోవడం నేర్పే పనికి పోవాలి. అది తలుచుకుంటేనే నాకు ఆవలింతలు వచ్చేవి.

మాకున్న పెద్ద గిరాకీ ఒక పెళ్ళి సంబంధాల సైటు. దాని సర్వర్‌కు నాలుగు ప్రాసెసర్లు. లోడ్ యావరేజ్ అని ఒక అంకె ఉంటుంది. అది నాలుగు దాకా ఉంటే నాలుగింటికీ చేతినిండా పని, దాటితే పనులు వరసలో నిలబడ్డట్టు అని సీనియర్ చెప్పాడు. సరే, అర్థమైందనుకున్నాను. ఒకరోజు ఆ అంకె ముప్పై దాటింది. పరుగున పోయి యజమానికి చెప్పాను.

"సార్, లోడ్ ముప్పై ఎక్కింది."

ఆయన మొహం వెలిగిపోయింది. "మస్తుగుంది గదమ్మా. గిట్లనే ఎక్కనియ్."

ఆయన లెక్కలో లోడ్ అంటే లారీ నిండటం, నిండితే వ్యాపారం బాగున్నట్టు. ఆ ముక్కే సైటువాళ్ళకు ఫోన్ చేసి గొప్పగా చెప్పాడు కూడా. పేజీలు తెరుచుకోవడం లేదని వాళ్ళు తిట్టాక గానీ అది మంచి వార్త కాదని ఒప్పుకోలేదు.

"అయితే జల్ది దించుండ్రి," అని నావైపు తిరిగాడు. "దించితే నిన్ను పర్మనెంట్ జేస్త."

దించడం ఎలాగో ఎవరికి తెలుసు? నాకు పిచ్చెక్కించిన సంగతి ఏమిటంటే, లోడ్ ముప్పై ఉన్నప్పుడు ప్రాసెసర్లు నాలుగూ దాదాపు ఖాళీ. పనివాళ్ళు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటే వరస ఎందుకు పెరుగుతుంది? అంకె అబద్ధమా, నా బుర్ర మొద్దా? ఉప్పల్ చౌరస్తాలో ఇదే ఆలోచిస్తూ నిలబడి, ఖాళీ ఆటోలను కూడా వదిలేశాను. ఈలోగా యజమాని ఎనిమిది ప్రాసెసర్ల కొత్త మిషన్ తెప్పించి, సైటును దానిమీదికి మార్పించాడు. ఇప్పుడు ఎనిమిదీ ఖాళీగా కూర్చున్నాయి. లోడ్ మాత్రం ముప్పై దగ్గరే.

రోట్లో తల పెట్టి రోకటిపోటుకు వెరిస్తే ఎలా? నేనూ సీనియరూ సర్వర్‌లో నడిచే పనులను, అంటే ప్రాసెస్‌లను, ఒక్కొక్కటిగా చూడటం మొదలుపెట్టాం. చాలావాటి పక్కన 'డి' అనే అక్షరం ఉంది. డి అంటే డెడ్ కాబోలు, చచ్చినవే కదా అని తీసేయబోయాను.

"చంపితే చావట్లేదండి, ఏంటో ఇవి," అన్నాడు సీనియర్.

అవి చావలేదు, దేనికోసమో ఎదురుచూస్తున్నాయి. దేనికోసమో తెలియడానికి ఇంకొన్నాళ్ళు పట్టింది. సైటులోని పెళ్ళికొడుకుల, పెళ్ళికూతుళ్ళ ఫోటోలన్నీ మూలనున్న ఒక పాత మిషన్‌లో ఉండేవి. కొత్త సర్వర్ కూడా వాటిని అక్కడి నుంచే తెచ్చుకునేది. ఆ ఫోటోల్లో ఒకదాన్ని నేనే తెరవబోతే నా తెర కూడా బిగుసుకుపోయింది. అప్పుడు తట్టింది. పాత మిషన్ డిస్కు పాడవుతోంది, ఫోటో అడిగిన ప్రతి పనీ అక్కడే నిలబడిపోతోంది. అలా నిలబడ్డవాటిని కూడా లోడ్‌లో కలిపే లెక్కిస్తారట. ఏ పనీ చేయనిదాన్ని బరువని ఎందుకంటారో నాకు ఇప్పటికీ సరిగా ఎక్కదు.

నానా తంటాలు పడి ఫోటోలన్నీ కొత్త సర్వర్‌లోకి మార్చాం. లోడ్ ఒకటికన్నా కిందికి పడింది. పేజీలు టకటకా తెరుచుకున్నాయి. ఒళ్ళు తెలియని సంతోషంతో యజమానిని పిలుచుకొచ్చి చూపించాను.

"ఏందమ్మా ఇది, సున్నా పాయింట్ నాలుగా?"

"అవును సార్. దిగిపోయింది."

"అంటే ఒక్క మనిషి పని గూడ లేదన్నట్టే గద."

అది మిషన్ లెక్క, మనుషుల లెక్క కాదని చెప్పబోయాను. ప్రాసెసర్లు, వరస, డిస్కు అన్నీ కలిపి చెబుతుంటే నాకే తికమకైంది. సీనియర్ తన కీబోర్డు దుమ్ము దులుపుకుంటున్నాడు.

"మంచిగనే జేసినవమ్మా, కాదంటలేను," అన్నాడు యజమాని మెత్తగా. "గని లోడే లేనప్పుడు ఇద్దరెందుకు, నువ్వే జెప్పు."

ఆ సాయంత్రమే బోడుప్పల్ బడికి ఫోన్ చేసి, మౌస్ పట్టుకోవడం నేర్పే పని ఇంకా ఖాళీగా ఉందా అని అడిగాను.