మునిరత్నం అచ్చు వేయని రాగిరేకు

నా తమ్ముడు మునిరత్నం కాలం చేశాడన్న మాట ఊరికి నా నోటితోనే చెప్పవలసి వచ్చింది. తెల్లవారి కాఫీ గ్లాసుతో వాడి గది తలుపు తోశాను. గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. రెండుసార్లు పిలిచాను. భుజం మీద చేయి వేస్తే ఒళ్ళు బిగుసుకుపోయి ఉంది. నాకంటే చిన్నవాడు, నేను పోతే నా తలాపున దీపం పెట్టవలసినవాడు. పెద్దదాన్ని నేనుండగా విధి వరుస తప్పింది. ఆ కాఫీ అలాగే చల్లారిపోయిందన్న ధ్యాస కూడా నాకు మధ్యాహ్నం దాకా లేదు.

ఈ సంస్మరణ సంచిక తెస్తున్న తిరుపతి మిత్రులు నన్నూ నాలుగు మాటలు రాయమన్నారు. మూడో తరగతితోనే నా చదువు ఆపేశారు. వాడి కళావైదుష్యం గురించి రాయగల పండితులు వేరే ఉన్నారు. ఒకే కప్పు కింద పాతికేళ్ళకు పైగా వాడికి అన్నం పెట్టినదాన్ని గనుక నాకు తెలిసింది నేను రాస్తాను. అక్షరదోషాలు మా మనవరాలు దిద్దింది. మాటలు నావే.

చిత్తూరు ఊరంతా మా తమ్ముడిని బెల్లం మండీ మునిరత్నంగానే ఎరుగును. వాడు మద్రాసులో చిత్రకళ చదివి, ఫ్రెంచి ప్రభుత్వం ఇచ్చిన విద్యార్థివేతనంతో ప్యారిస్ వెళ్ళాడు. అక్కడ ఒక వృద్ధ గురువు దగ్గర లోహపు రేకుల మీద గీసి, కాగితం మీద అచ్చు తీసే విద్య అభ్యసించాడు. రెండో ఏడు నడుస్తుండగా మా నాయన పక్షవాతంతో మంచం పట్టారు. మూడు నెలల్లో తిరిగి వస్తానని గురువుగారికి మాట ఇచ్చి వచ్చాడు. నాయన పోయారు. ఆ ఏడే నేను భర్తను పోగొట్టుకుని, ఇద్దరు కొడుకులతో, ఒక కూతురితో పుట్టింటికి చేరాను. నాయన నడిపిన బెల్లం మండీ చూసుకునే మగదిక్కు వేరే లేదు. ఇందులో దాచవలసింది ఏమీ లేదు. నా బిడ్డల కోసమే వాడు ఆగిపోయాడు. ఒక్కనాడూ ఆ మాట వాడి నోట రాలేదు. రాకపోవడమే నాకు బరువుగా ఉండేది.

వాడి గదిలో ఒకే పటం ఉండేది. ప్యారిస్‌లో పాత సామాన్ల అంగడిలో కొన్నాడట. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు అక్కడి చిత్రకారుడెవరో రాగిరేకు మీద సూదితో గీసి తీసిన అచ్చు. నాకు మొదట ఏమీ కనబడలేదు. సన్నని గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ పగిలిన అద్దం పెంకుల్లా ఉన్నాయి. "కండ్లు సగం మూసి సూడక్కా, ఆడమనిషి కుర్చీలో కూర్చోనుండాది" అన్నాడు. చూశాను. ఉంది. తల యాడనో, మెడ యాడనో, ఈమెకేం పాపం వచ్చిందిరా అంటే నవ్వాడు. అక్కడివాళ్ళు మొదట మనిషిని పలకలు పలకలుగా విడదీశారట. ఆ తరువాత వచ్చినవారు మనిషినే తీసేసి, గీతలను మాత్రం ఉంచారట. వాడిది ఆ రెండో దారి. అందుకే వాడి పటాల్లో చెట్టూ పుట్టా, దేవుడూ దయ్యమూ ఎక్కడా కనబడవు.

రేకు మీద గీత దింపడానికి మూడు దారులు చెప్పేవాడు. ఉలితో తవ్వడం, ఆసిడ్‌తో తినిపించడం, వట్టి సూదితో గీరడం. పసిబిడ్డలున్న ఇంట్లోకి ఆసిడ్ రానివ్వనన్నాను. ఉలిపనికి నిశ్చలమైన ఏకాంతం కావాలి, రైతులూ హమాలీలూ తిరిగే ఇంట్లో అది దొరకదు. మిగిలింది సూది. సూదితో గీరినప్పుడు గీత అంచున రాగి నూగులా లేస్తుంది. సిరా ఆ నూగులో నిలిచి, కాగితం మీద మఖమల్ మాదిరి మెత్తగా, నల్లగా దిగుతుంది. అయితే అచ్చుయంత్రం రోలరు కింద నలిగేకొద్దీ ఆ నూగు అణగిపోతుంది. పట్టుమని పది కాగితాలు తీసేసరికి రేకు ప్రాణం పోతుంది. నెలల తరబడి కళ్ళు పొడుచుకుని చేసిన పనికి ఇంతేనా ఫలమని నేను కోప్పడ్డాను. "నీ మజ్జిగ మాదిరి నీళ్ళు పోసి పెంచేది కాదక్కా ఇది" అన్నాడు. పిల్లలంతా నవ్వారు. నేను నవ్వలేదు. ఇప్పుడు మజ్జిగ కలిపేటప్పుడల్లా ఆ మాటే చెవిలో పడుతోంది.

మూలపడ్డ చెరకు గానుగ ఇనుప రోలర్లు రెండు సంపాదించి, లేత్ పట్టించి నున్నగా చేయించి, వాటితో అచ్చుయంత్రం కట్టించుకున్నాడు. కాగితం మీద మెత్తగా ఒత్తడానికి గొర్రెబొచ్చు గొంగడి. సిరా తుడవడానికి గంజి పెట్టిన పాత పంచె ముక్కలు, అవి నా వాటా. చిన్న చిన్న రేకులు దాని మీద అచ్చు వేసేవాడు. ఒకటి మండీ గోడకు తగిలించాడు. వచ్చినవారు తలా ఒక మాట అన్నారు. వాన అని ఒకరు, ఎండిన చెరకు ఆకు సోగ అని ఒకరు. అందరికీ నవ్వే వాడి సమాధానం. పూతలపట్టు వైపు నుంచి వచ్చిన ముసలి రైతు ఒకాయన తూకం అయ్యేదాకా దాన్నే చూసి, "కాడి ఒరుసుకున్న ఎద్దు మెడ మాదిరి ఉండాది స్వామీ" అన్నాడు. ఆ మాటకు మాత్రం వాడు నవ్వలేదు. మరునాడు ఆ పటం గోడ మీద లేదు.

ఈ చిన్న రేకులు ఒక ఎత్తు, పీటంత పెద్ద రేకు ఒకటి మరో ఎత్తు. ప్యారిస్ నుంచి వచ్చిన కొత్తలోనే దాన్ని మొదలుపెట్టాడు. మండీ నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని దాని ముందు కూర్చునేవాడు. దాన్ని మాత్రం అచ్చు వేయలేదు. దాని తొలి అచ్చు ప్యారిస్‌లో గురువుగారి యంత్రం మీదే తీయాలని వాడి సంకల్పం. పెళ్ళి సంబంధాలు వస్తే, పోయి వచ్చినాక చూద్దామనేవాడు. ఒక ఏడు వానలు లేవు, ఒక ఏడు బెల్లం ధర పడిపోయింది, ఒక ఏడు నా పెద్దకొడుక్కి జబ్బు చేసింది. పాస్‌పోర్టు గడువు తీరితే మళ్ళీ చేయించాడు. అదీ తీరిపోయింది. గురువుగారు గతించారని తెలిసినాక కూడా, ఆయన శిష్యులు ఆ యంత్రాన్ని నడుపుతూనే ఉన్నారని చెప్పుకుని ఊరట పొందాడు. రేకు మీద గీతలు పెరుగుతూనే ఉన్నాయి. గీత మీద గీత పడి సూదిమొన దిగే సందు లేకుండా పోయింది. ఎప్పుడడిగినా "ఇంకా రొంత ఉండాది" అనేవాడు.

అలాంటివాడికి కళ్ళే ఎదురుతిరిగాయి. తిరుపతిలో కంటి డాక్టరు నీటికాసులన్నాడు. చూపు అంచుల నుంచి లోపలికి మూసుకొస్తుందట. పోయింది తిరిగి రాదు, ఉన్నది ఎన్నాళ్ళో చెప్పలేమన్నాడు. తిరుగు బస్సులో వాడు కిటికీ పక్కన కూర్చుని, తల ఇటూ అటూ తిప్పుతూ, ఎంత మేర కనబడుతోందో చూసుకున్నాడు. ఇంటికి రాగానే మళ్ళీ సూది పట్టాడు. కొత్త గీత పడవలసిన చోట పడక, ఉన్న గీతలోకే జారుతోంది. నాకే తెలిసిపోతున్నది వాడికి తెలియదా? అయినా మానలేదు.

నెలలు గడిచాయి. మండీ సెలవునాడు నేను వాడి ఎదురుగా చాప వేసుకుని కూర్చున్నాను. ఆ రేకు ఇక్కడే అచ్చు వేసెయ్యమన్నాను. ఇంకా అయిపోలేదన్నాడు.

"అది అయిపోయి ఎన్నేండ్లో అయింది. నువ్వే వదలకుండా ఉండావు."

"ఈ గానుగ కింద పెడితే నూగంతా నలిగిపోతాదక్కా. ఆడైతే..."

"ఆడికి పోయేది లేదు నాయనా. నీకూ తెలుసు, నాకూ తెలుసు. కండ్లు ఉండంగానే దాన్ని సూసుకో."

అన్నేళ్ళలో మా ఇంట్లో ఎవరూ అనని మాట అది. వాడు పోలేకపోయింది నా సంసారం వల్ల గనుక, అనవలసిందీ నేనే. వాడు సూదిని గుడ్డలో చుట్టి పెట్టి, గది తలుపు వేసుకున్నాడు. ఆ దినమూ మరుసటి దినమూ మండీకి పోలేదు. పెట్టిన అన్నం పెట్టినట్టే ఉంది. ఆ తరువాత వంటింటి గడప దగ్గరికి వచ్చి నిలబడి, పంచె ముక్కలకు గంజి పెట్టినావా అక్కా అని అడిగాడు.

కాగితాలు తొట్టిలో నానవేశాడు. మండీ హమాలీ గంగులప్ప రోలరు తిప్పడానికి వచ్చాడు. సిరా పూసి తుడిచింది వాడే, కళ్ళతో కాదు, అరచేతి స్పర్శతో. మొదటి కాగితం వెలవెలబోతూ వచ్చింది. రోలరు బిగువు పెంచాడు. రెండోది ఎత్తగానే నేను దగ్గరికి జరిగాను. ఇన్నాళ్ళూ రాగి మెరుపులో గజిబిజిగా కనబడిన గీతలు కాటుక నలుపుతో, పొగచూరిన దూలం నలుపుతో, మబ్బు నలుపుతో లేచి నిలబడ్డాయి. అన్నీ ఒకే వైపుకు పరుగెత్తి అంచు దగ్గర ఆగిపోయాయి. ఒక్కటీ అంచు దాటలేదు. వాడు కాగితాన్ని ముక్కుకు ఆనేంత దగ్గరగా పెట్టుకుని మూలమూలా వెతికాడు. ఇదా నేను చేసింది అన్నాడు. అది సంతోషమో దుఃఖమో నాకు ఈనాటికీ తెలియదు. గంగులప్ప తొంగి చూసి, "ఏంది స్వామీ ఇంత సిక్కుముడి? ఇప్పేదానికి ఎవురొస్తారు?" అన్నాడు.

"ఎవురూ రారప్పా. అందుకే అచ్చేసినా" అని నా తమ్ముడు నవ్వాడు.

తొమ్మిదో కాగితానికి నూగు అణగింది. చాలన్నాడు. కాగితాలు ఇంకా నానుతున్నాయి, గీతలు ఇంకా పడుతున్నాయి కదా అన్నాను. "ఇంక పడేవి అబద్ధాలక్కా" అన్నాడు. అచ్చు కింద పటం పేరు పెన్సిలుతో రాయాలట. వాడికి పెన్సిలు మొన కనబడక నన్ను రాయమన్నాడు. ఏం పేరంటే, చిత్తూరు అని రాయమన్నాడు. నా వంకర అక్షరాలతో అన్నింటి కిందా అదే రాశాను.

ఆ విద్యలో ఒక ఆచారం ఉంది. అచ్చులు తీయడం ముగిశాక, ఇంకెవరూ తీయడానికి వీల్లేకుండా రేకును అడ్డంగా గీసి చెడగొట్టాలి. వాడు సూది నా చేతికిచ్చాడు. చిరిగిన చీరను బొంతగా, చిరిగిన బొంతను మసిగుడ్డగా వాడేదాన్ని నేను. వాడి ఆయుష్షులో సగం పోసిన పనిని చెడగొట్టడానికి నాకు చేయి రాలేదు. నువ్వే గీసుకోమన్నాను.

"నేను గీస్తే అదీ బొమ్మలో ఇంకొక గీత అయిపోతాది. నాకు ఆపేది రాదక్కా. నువ్వు గీస్తేనే అయిపోతాది."

ఈ మూల నుంచి ఆ మూలకు గీశాను. రాగి కీచుమంది. వాడు ఆ గీత వెంట వేలు పోనిచ్చి, లోతుగా గీసినావు అన్నాడు. మళ్ళీ సూది ముట్టలేదు. ఏడాది తిరగకుండా చూపు పూర్తిగా మూసుకుపోయింది. ఆ చీకట్లో కూడా ఎవరినీ నిందించకుండా, మండీ అరుగు మీద కూర్చుని రైతులను పేరుపేరునా పలకరించాడు.

వాడు పోయాక మద్రాసు నుంచి వచ్చిన పెద్దమనుషులు రేకును చూసి, అడ్డగీతను అరగదీయించి మళ్ళీ అచ్చులు తీయవచ్చన్నారు. కుదరదన్నాను. ఈ జిల్లాలో ఆ విద్య తెలిసినవాడు వాడొక్కడే. వాడి గీతలు ఏం చెప్పాయో నాకు సగమే తెలిసింది. మిగతా సగం అడగడానికి మనిషి లేడు. పెళ్ళీ పిల్లలూ లేని వాడికి నా పెద్దకొడుకు కొడుకై కొరివి పెట్టాడు. వాడు పోదలచిన చోటికి పోనివ్వకుండా పట్టుకున్న మా ఇంటి చేతులే, నీవా ఏటి ఒడ్డు దాకా వాడిని మోసుకుపోయి సాగనంపి వచ్చాయి.