అరువు తెచ్చుకున్న పుట్టినరోజు

మీరు ఫలానా రోజున పుట్టారని మీకెలా తెలుసు? చూశారా? గుర్తుందా? ఎవరో చెప్పారు, మీరు నమ్మారు. జాతకాలను ఏకిపారేస్తూ సభల్లో గొంతు చించుకున్న నేను కూడా ఈ ఒక్క విషయంలో మా అమ్మ నోటిమాటనే సాక్ష్యంగా తీసుకున్నాను. నిన్న సాయంత్రం టీవీలో ఒక పాతకాలపు కథానాయికకు జయంతి నివాళి అంటూ ఆవిడ సినిమా వేస్తుంటే ఈ ప్రశ్న మళ్లీ వచ్చి నా పక్కన కూర్చుంది. నా గదిలో పక్కన కూర్చునేందుకు ఇప్పుడు వేరే ఎవరూ లేరు.

తొంభైల్లో అరకులో కాలేజీ మేష్టరుగా ఉండేవాణ్ణి. అప్పుడూ ఒంటరినే. నా అద్దె గదిని ఆనుకుని ఒక టీ కొట్టు. దాన్ని నడిపే ఆమె కొండ మీది ఊరి మనిషి, నాకంటే కాస్త పెద్ద, అక్కడ అక్కను అప్ప అంటారు కాబట్టి అప్పా అని పిలిచేవాణ్ణి. కొట్టులో నలుపు తెలుపు టీవీ, బయట సిల్వర్ ఓక్ చెట్టుకు కట్టిన వెదురు గడ, దాని కొసన యాంటెనా. గాలి వీస్తే బొమ్మ పోయేది. మంచులో నిలబడి గడ తిప్పే పని నాది. బొమ్మ వచ్చిందని ఎవరూ చెప్పనక్కర్లేదు, లోపల అప్ప నవ్వు వినిపించేది.

వలిసె పూలతో లోయంతా పసుపుపచ్చగా ఉన్న రోజుల్లో ఒక సాయంత్రం, టీవీలో ఆ కథానాయిక సినిమా వస్తుంటే, అప్ప సామల పాయసం నా చేతిలో పెట్టింది.

"ఏమిటప్పా విశేషం?"

"నా పుట్టినరోజు మేస్టారూ. అమ్మ నన్ను కని పోనాది. వలిసి పూలప్పుడని అయ్యకి తెల్సు, అంతే. టీవీలో ఆవిడ పుట్టినరోజూ వలిసి పూలప్పుడే. ఆవిడా అమ్మ లేని గుంటేనంట. అందుకని నానూ ఈ రోజే ఎట్టీసుకున్నాను."

ఎదురుగా కిరాణా కొట్టు. మైదాన ప్రాంతం నుంచి వచ్చి స్థిరపడ్డ ఆ షావుకారు భార్య కూడా టీవీ కోసం వచ్చి అక్కడే ఉంది. "నచ్చత్రం తెల్దు, తిథి తెల్దు, దీనికో పుట్టినరోజు" అంది పాయసం నాకుతూనే.

నాకు వాదించడానికి సందు దొరికితే చాలు. "మీరు పుట్టడం మీరు చూశారా తల్లీ?"

"మాయమ్మ సెప్పింది."

"ఈమెకు టీవీ చెప్పింది. తేడా ఏముంది?"

"దేవుడే లేడన్న మనిషివి, నీతో నాకేటి" అని ఆమె లేచి వెళ్లిపోయింది, గ్లాసు ఖాళీ చేశాకే.

అప్ప నా వైపు తిరిగింది. "మరి మీదెప్పుడు?"

"నేను చేసుకోనప్పా. అర్థంలేని పని."

"ఉన్నోలికి వొద్దనడం బాగుంటాది" అని నవ్వింది.

నేను గ్లాసు అక్కడ పెట్టి గడ తిప్పడానికి మంచులోకి వెళ్లాను.

ఏటా ఆ సాయంత్రం సినిమా, పాయసం, గడ దగ్గర నేను. తర్వాత కేబుల్ వచ్చింది, నా పని పోయింది. రెండువేల సంవత్సరం దాటాక ఆ కథానాయిక పోయింది. మరుసటి ఏడు వలిసె పూలు వచ్చాయి, అప్ప పాయసం వండింది, టీవీ ముందు కూర్చుంది. ఒక్కో ఛానెలూ మార్చి చూసింది. ఎక్కడా ఆవిడ లేదు. ఇక వర్ధంతికే వేస్తారని ఎవరో అన్నారు. అప్ప టీవీ కట్టేసింది.

"ఆవిడ పోతే నా పుట్టినరోజు కూడా పోయినట్టేనేటి మేస్టారూ?"

పాయసం మీద మీగడ కట్టింది. షావుకారు భార్య ఆ ఏడు రాలేదు.

"మీరు సెప్పండి" అంది. "ఎవులో ఒకలు సెప్తేనే కదా అవుద్ది. మీరే అన్నారు."

జీవితంలో ఎవరికీ శుభాకాంక్షలు చెప్పని నోటితో చెప్పాను: "అప్పా, ఈ రోజు నీ పుట్టినరోజు." ఆమె గ్లాసు నా చేతికిచ్చింది.

నాకు బదిలీ అయ్యాక కూడా ఏటా ఆ రోజు ఫోన్ చేసి ఆ ఒక్క మాటే చెప్పేవాణ్ణి. కొన్నేళ్ల క్రితం ఫోన్ ఎత్తిన మనిషి, అప్ప ఇక లేదని చెప్పాడు. ఛానెళ్లకు ఆ కథానాయిక పుట్టినరోజు ఇప్పుడు మళ్లీ గుర్తొచ్చింది. నిన్న సినిమా మధ్యలో ఆపి, ఖాళీ గదిలో ఆ మాట పైకే అన్నాను. కాలానికి ఎవరి పుట్టినరోజూ తెలియదు, ఎవరో ఒకరు నోరు తెరిచి చెప్పాల్సిందే.

కాబట్టి ఇది పక్కన పెట్టి లేవండి. మీకు రోజూ టీ ఇచ్చే మనిషిని, మీ గుమ్మం ఊడ్చే మనిషిని పుట్టినరోజు ఎప్పుడని అడగండి. తెలియదంటే ఇద్దరూ కలిసి ఒక రోజు ఎంచుకోండి. వచ్చే ఏడు అదే రోజున వెళ్లి చెప్పండి.