నాన్న మీగడ అడగడానికి వెళ్ళిన ఆదివారం

ఉద్యోగంలో కొత్తగా చేరినప్పుడు మనిషికి ఒక పిచ్చి ధైర్యం ఉంటుంది. ఆ రోజుల్లో నాకది కాస్త ఎక్కువగానే ఉండేది. నాలుగు కూరగాయల్ని ఇంగ్లీషు పేర్లతో పిలవడం వస్తే చాలు, ఎంత మొండి మనిషినైనా ఒక్క ముద్దతో లొంగదీసుకోవచ్చని నిజంగానే నమ్మాను. అప్పుడు నేను హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, రామాపురం బీచిలో ఒక రిసార్టు వంటగదిలో ట్రైనీగా ఉన్నాను. ట్రైనీ అంటే పెద్దగా ఏమీ లేదండి, ఉల్లిపాయలు తరగడమే. తరగ్గా తరగ్గా చివరికి మా చెఫ్ సార్ నన్ను నమ్మి ఒకే ఒక్క వంటకం అప్పగించారు. లీక్స్ అని బెంగళూరు నుంచి ఐసుపెట్టెలో వచ్చేవి. చూడ్డానికి మన ఉల్లికాడలే, కాకపోతే ఒక్కొక్కటి చంటిపిల్లాడి చెయ్యంత లావు. వాటి తెల్లభాగాన్ని చక్రాల్లా తరిగి, వెన్నలో సన్నసెగ మీద మెత్తబడేదాకా మగ్గించి, క్రీము పోసి, దించాక సీసాలోంచి ఆవముద్ద తీసి కలపాలి. మెత్తటి తియ్యదనం, దాని మీద ఆవ చురుకు. సెలవులకి హైదరాబాదు నుంచి దిగినవాళ్ళు "చాలా బాగుందమ్మా, కొంచెం ఆవకాయ ఉందా" అనేవారు. (ఆ రెండో సగం నేను వినిపించుకునేదాన్ని కాదు.)

మా నాన్న తెనాలిలో లెక్కల మాస్టారు. నేను వంట చేస్తున్నానని మా ఇంట్లో తప్ప ఊళ్ళో ఎవరికీ తెలియదు. చర్చిలో ఎవరైనా నా గురించి అడిగితే "మేనేజ్‌మెంట్ ట్రైనింగండి" అనేవారాయన. అబద్ధమని అనడానికి లేదు, హోటల్ అన్న ముక్క ఒక్కటే కొట్టేశారు. ఆయన్ని తప్పు పట్టడానికీ లేదు. మా నాయనమ్మ మిషన్ హాస్టల్లో వంటమనిషి. కట్టెల పొయ్యి ముందు కూర్చుని, పొగకి చూపు మసకబారిపోయేదాకా వండి, నాన్ననీ మా రేపల్లె అత్తనీ చదివించి ఇద్దర్నీ బళ్ళో పంతుళ్ళని చేసింది. "మా అమ్మ పొయ్యి ముందు కూర్చుంది నన్ను అక్కడ్నించి లేపటానికమ్మా. నువ్వెళ్ళి మళ్ళీ అక్కడే కూర్చుంటానంటే నేను ఆవిడకేం చెప్పను?" అన్నారు ఒకసారి ఫోన్లో. కోప్పడి ఉంటే ఎదురు మాట్లాడేదాన్నే. ఆయన అంత మెల్లగా అనేసరికి, అన్నం తిన్నారా నాన్నా అని మాట మార్చేశాను.

అలాంటి సమయంలో ట్రైనింగు అయిపోయి, రిసార్టువాళ్ళు ఉద్యోగం పర్మనెంటు చేస్తామన్నారు. సోమవారానికల్లా ఏ సంగతీ చెప్పమన్నారు. నాన్నేమో బాపట్లలో బీఎడ్డు సీటు చూసి పెట్టారు. నేను మాట వినే రకం కాదని తెలిసి, ఆదివారం ఆరాధన కాగానే మా పాస్టరు అయ్యగారినీ, రేపల్లె నుంచి అత్తనీ భోజనానికి పిలిచారు. "భోజనాలయ్యాక అయ్యగారు నీతో నాలుగు మాటలు మాట్లాడతారు" అని నాకు కబురు. అత్త రిటైరైన హెడ్మిస్ట్రెస్. ఆవిడ ఒక మాటంటే మా నాన్న ఈ వయసులో కూడా చేతులు కట్టుకుని నిలబడతారు. అంటే తీర్పు ఆ పూటే వచ్చేస్తుందన్నమాట. సరే, ఆ నాలుగు మాటలకి ముందు వాళ్ళు నా చేతి కూర తింటారు, తిన్నాక ఇంక బీఎడ్డు మాటెత్తరు అనుకున్నాను. చెఫ్ సార్‌ని అడిగితే ఒక కట్ట లీక్స్ ఇచ్చారు. ఆవ సీసా మాత్రం ఇవ్వలేదు. "మీ ఇంట్లో ఆవాలు లేవా ఏంటి?" అన్నారు.

శనివారం చీరాలలో పాసింజరెక్కాను. సంచిలోంచి లీక్స్ తలలు బయటికి పెట్టుకుని కూర్చున్నాయి. బాపట్ల దాటేదాకా అందరూ వాటిని చూశారు గానీ ఎవరూ ఏమీ అనలేదు. చివరికి ఎదురుగా ఉన్న కొలకలూరు రైతు ఉండబట్టలేక "ఏంటమ్మాయ్ అయ్యి?" అన్నాడు. లీక్సండి అన్నాను. "ఉల్లికాడలేగా? ఏం మందు కొట్టారు, ఇంత లావొచ్చినయ్?" మందు కాదండి, జాతే అంత అన్నాను. ఎట్లా వండుతారన్నాడు. చెఫ్ సార్ గొంతు తెచ్చుకుని వెన్న దగ్గర్నించి ఆవముద్ద దాకా అంతా వివరంగా చెప్పాను. ఆయన చాలాసేపు కిటికీలోంచి పొలాలు చూసి "పోన్లే అమ్మా, చిన్నపిల్లవి" అన్నాడు. నేనప్పుడు దాన్ని దీవెనే అనుకున్నాను.

ఆదివారం పొద్దున అందరూ చర్చికి వెళ్ళారు. అమ్మ మాత్రం ఎందుకైనా మంచిదని కోడికూర వండి, గారెలకి పిండి రుబ్బి మరీ వెళ్ళింది. (నా మీద నమ్మకం లేక కాదట, అయ్యగారికి గారెలంటే ఇష్టమట.) నేను లీక్స్ కడిగి, తరిగి, మా గిన్నె చిన్నదవడం వల్ల సగం పక్కనుంచి మిగతా సగం వెన్నలో మగ్గబెట్టాను. వాళ్ళు తిరిగొచ్చి ముందుగదిలో కూర్చునే వేళకి ఇల్లంతా కమ్మటి వాసన. ఇంక క్రీము పోయడమే తరువాయి. క్రీము డబ్బా కొనాలన్న ఆలోచనే నాకు రాలేదు. గేదెపాలు వాడే ఇంట్లో పుట్టినదాన్ని, మీగడ కొనడమేంటి? ఫ్రిజ్ తెరిస్తే స్టీలు గిన్నె నిండా తెల్లగా, చిక్కగా ఉంది. రిసార్టులో ఇంత మంచి క్రీము ఎవరు చూశారు అనుకుంటూ గిన్నె గిన్నే బోర్లించి, ముందుగదిలో అయ్యగారి దగ్గు వినపడి, తొందరలో మంట పెంచాను.

మన ఇళ్ళల్లో మీగడ గిన్నె సంగతి మీకు నేను చెప్పాలా. రోజూ తీసిన మీగడ అందులో వేస్తారు, మొదటిరోజే రెండు చుక్కలు పెరుగు కూడా వేస్తారు, వారానికి పులిశాక చిలికి వెన్న తీస్తారు. మా అమ్మ సోమవారం చిలుకుతుంది. నేను ఆ గిన్నెకి ఎదురుగా పుట్టి పెరిగి, నా చేత్తోనే వందసార్లు అందులో మీగడ వేసి కూడా, మూడేళ్ళు క్రీము డబ్బాలు కత్తిరించేసరికి అది పుల్లటి మీగడన్న సంగతే మర్చిపోయాను. గిన్నెలో అది ముందు గుటగుటలాడింది, తర్వాత విరిగింది. ఒకపక్క నీళ్ళు, ఒకపక్క పలుకులు, పైన పసుప్పచ్చగా నూనె తేలింది. కలిపినకొద్దీ ఇంకా విడిపోయింది. కూర చెయ్యబోయి నెయ్యి కాచాను. పొయ్యి కట్టేసి, గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాను. ముందుగదిలో నాన్న బాపట్ల కాలేజీ గురించి అయ్యగారికి చెబుతున్నది స్పష్టంగా వినిపిస్తోంది.

అప్పుడే మంచినీళ్ళ కోసం అత్త లోపలికొచ్చింది. గిన్నెలోకి వంగి చూసింది.

"నెయ్యి బాగానే వచ్చింది. మధ్యలో ఈ కాడలు దేనికే?"

నేను ఏడుపు మొదలుపెట్టాను. అత్త ఓదార్చే మనిషి కాదు. నా ఏడుపు ఒక కొలిక్కి వచ్చేదాకా నిలబడి, "అసలిది ఎట్లా ఉండాలి?" అంది. తెల్లగా, చిక్కగా, విరక్కుండా ఉండాలని చెప్పాను. "అయితే తోడు పడని మీగడ కావాలి. కాడలు ఇంకా ఉన్నాయిగా, ఏడుపెందుకు?" అని, అక్కడ్నించే "ఏరా, ఇట్లా రా" అని నాన్నని కేకేసింది.

నాన్న వచ్చి గిన్నె చూశారు. ఒక్క క్షణం ఆయన మొహంలో హమ్మయ్య అన్నట్టు ఏదో కనిపించింది, అది చూసి నాకు ఇంకా దుఃఖం వచ్చింది. అత్త ఆయన చేతికి స్టీలు క్యాను ఇచ్చింది. "పొద్దున పాలు కాచిన ఇళ్ళల్లో మీగడ ఉంటుంది. అడిగి పట్రా."

"ఆదివారం పూట ఇల్లిల్లూ తిరిగి మీగడ అడగనా అక్కా?"

ఆయన అన్నదాంట్లో న్యాయం ఉంది. మా వీధిలో పెరుగు తోడు అడుగుతారు, కరివేపాకు అడుగుతారు, వేళకి కాస్త చింతపండు కూడా అడుగుతారు. మీగడ మాత్రం ఎవరూ ఎవర్నీ అడగరు. అది ఆ ఇంటి నెయ్యి.

"ఏమని అడగను?" అన్నారు నాన్న.

"ఉన్నదే చెప్పు. మా పిల్ల వంట చేస్తోంది, కావాలని చెప్పు."

నాన్న క్యాను మూత తీసి మళ్ళీ పెట్టారు. అత్త గొంతు తగ్గించింది. "అమ్మ వంట చేసి పెంచిందని చెప్పుకోటానికి నాకెప్పుడూ సిగ్గెయ్యలేదు రా. నీకేసిందా?"

చర్చికి వేసుకున్న తెల్లచొక్కాతోనే, క్యాను చేతిలో పట్టుకుని నాన్న వీధిలోకి వెళ్ళిపోయారు. అత్త చీరకుచ్చిళ్ళు దోపుకుని రోలు ముందు కూర్చుని, నేను పొద్దున నానబెట్టిన ఆవాలు ఉప్పూ పసుపూ వేసి నూరడం మొదలెట్టింది. అమ్మ అయ్యగారికి వాయి తర్వాత వాయి గారెలు వేస్తూ ఉంది. నేను మిగిలిన లీక్స్ మగ్గబెడుతూ గుమ్మం వైపు చూస్తున్నాను. ఇంతసేపూ నాన్న ఒప్పుకోవాలని ఎంత కోరుకున్నానో, ఇప్పుడు ఆయన్ని ఎవరూ ఏమీ అనకూడదని అంతకంటే ఎక్కువ కోరుకుంటున్నాను.

చాలాసేపటికి వచ్చారు. క్యాను సగానికి పైగా నిండింది. దాన్ని నా పక్కన పెట్టి, వంటగది గడప మీదే కూర్చున్నారు. "చివరింటావిడ చిన్నపిల్ల కోసమనుకుని పంచదార కలిపిచ్చింది. నేను చూసుకోలా" అన్నారు ముందు. తర్వాత అత్త వైపు తిరిగి అన్నారు: "మందుల షాపు వాళ్ళ పెద్దావిడ లేదూ, ఆవిడ చిన్నప్పుడు మన అమ్మ హాస్టల్లోనే చదివిందంట అక్కా. మీ అమ్మాయికి మీ అమ్మ చెయ్యి వచ్చిందా మాస్టారూ, అనడిగింది. అమ్మ చేసిన పప్పుచారు గురించి నన్ను గుమ్మంలో నిలబెట్టి చెప్పింది."

"నువ్వేమన్నావు?" అంది అత్త.

"వచ్చిందని చెప్పా."

అని కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. అత్త రోలు వైపు తిరిగి ఇంకా గట్టిగా నూరింది. నేను క్యానులోది పోసి, మంట బాగా తగ్గించి, గరిటె మెల్లగా తిప్పాను. నాకు గిన్నె సరిగ్గా కనబడటంలేదు. ఆవ ఘాటని చెప్పుకోవచ్చు.

కూర తెల్లగా, చిక్కగా వచ్చింది. దించాక ఒక చెంచా ఆవ చాలన్నాను. అత్త తన చెంచాతో వేసింది. (రేపల్లెలో చెంచా కొంచెం పెద్దది.) అందరికీ వడ్డించాను. అయ్యగారు మొదటి ముద్ద పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. ప్రార్థన చేసుకుంటున్నారేమో అనుకున్నాం. తర్వాత ముక్కు పట్టుకుని, రెండు కళ్ళ వెంటా ధారగా నీళ్ళు కారుతుంటే "నా ప్రసంగానికి కూడా ఎప్పుడూ ఎవరూ ఇంత ఏడవలేదమ్మా" అన్నారు. పోనీ వదిలేయండి అయ్యగారూ అంటే, లేదు బాగుంది బాగుంది అంటూ కోడికూర వైపు జరిగారు. నేను వాళ్ళెవర్నీ పట్టించుకోలేదు. నాన్న కంచమే చూస్తున్నాను. ఆయన మొత్తం తిని, గిన్నె తన వైపు లాక్కుని మళ్ళీ వేసుకున్నారు.

భోజనాలయ్యాయి. అయ్యగారు చేతులు తుడుచుకుని, కండువా సర్దుకుని, "చూడమ్మా, టీచరు ఉద్యోగమంటే ఆడపిల్లకి ఎంతో గౌరవం..." అని మొదలెట్టారు. నేను తల వంచుకున్నాను.

"అయ్యగారండీ, క్షమించాలి" అన్నారు నాన్న. "మా అమ్మాయి వంట చేస్తుందండి. మా అమ్మ చేసినట్టే చేస్తుంది. చెయ్యనివ్వండి."

అయ్యగారు, పిలిచిన మనిషే ఇలా మాట్లాడుతున్నారేంటా అన్నట్టు చూసి, "మంచిదండి, అయితే దాని గురించే ప్రార్థన చేద్దాం" అన్నారు. మర్నాడు నేను రామాపురం వెళ్ళి ఉద్యోగానికి సరేనన్నాను. ఆ పాటికే వీధి వీధంతా నేను వంటమనిషినని తెలిసిపోయింది, ఇంక దాచడానికి ఎవరికీ ఏమీ మిగల్లేదు.

ఇప్పుడు ఆ వంటగదికి నేనే పెద్దని. లీక్స్ ఇంకా చేస్తూనే ఉన్నాం. ఆ మధ్య అత్తని చూడ్డానికి రేపల్లె వెళ్ళినప్పుడు మాటల్లో, నాన్నకి ఆ కూరంటే ఎంత ఇష్టమో అని మొదలుపెట్టాను. అత్త పగలబడి నవ్వింది. "ఇష్టమా? మీ నాన్నకి తియ్యగా మగ్గిన ఉల్లిపాయ చిన్నప్పట్నించీ పడదు కదే. దానికి తోడు ఆ పంచదార మీగడ. ఆరోజు నువ్వు గిన్నెలు లోపల పెడుతుంటే పెరట్లోకెళ్ళి ఇంత చింతకాయ పచ్చడి నాలిక్కి రాసుకున్నాడు." ఆ రోజు కంచం ఖాళీ అవుతుంటే చూసి మురిసిపోయిన ఆ పిల్ల, ఒక్కసారి తలెత్తి తినే మనిషి మొహం చూసుకోవచ్చు కదా. చూసుకోలేదు, పాపం, ఇరవై రెండేళ్ళది. తెనాలి వెళ్ళేముందు ఏం తెమ్మంటారు నాన్నా అని ఫోన్ చేస్తే, ఇప్పటికీ ఆయన "ఆ కాడలే పట్రా అమ్మా, నువ్వు చేస్తే బాగుంటాయి" అంటారు. పట్టుకెళ్తాను. చేసి పెడతాను. ఆయన రెండోసారి వేసుకుంటారు. నేను చింతకాయ పచ్చడి గిన్నె ఆయన చేతికి అందేలా పెట్టి, మంచినీళ్ళు తేవడానికని కాసేపు లోపలికి వెళ్తాను.