తేదీ లేని సంతకం

సదాశివ కుదురుగా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. జహీరాబాద్ పాత బస్టాండు దగ్గరున్న నా జిరాక్సు షాపుకు వచ్చినా స్టూలు అంచుకు కాస్త ఆనుకుంటాడంతే, చూపు రోడ్డు మీదే ఉంటుంది. ఎమ్మెల్యేగా ఓడిపోయి ఏడాది దాటింది. ఇప్పటికీ ఐదింటికే లేచి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, వరండాలో కుర్చీలు తుడిపిస్తాడు. ఎవరూ రారు. ఫోను మోగితే చాలు, మొదటి రింగుకే ఎత్తుతాడు. సిమ్ కార్డు కంపెనీ అమ్మాయిని కూడా "చెప్పమ్మా, ఏ ఊరు మీది?" అని అడిగిన మనిషి.

న్యాల్‌కల్ మండలంలో అల్లం, చెరకు పండించే ఇంట్లో పుట్టాడు. ఇంట్లో తెలుగు, సరిహద్దు అవతలి చుట్టాలతో కన్నడం, మా బజారులో ఉర్దూ. మూడింటిలోనూ "కాదు" అనే మాట మాత్రం ఆయనకు రాదు. ఒక ఏడాది చెరకు బండ్లు ఫ్యాక్టరీ కాటా దగ్గర రోజుల తరబడి ఆగిపోతే రైతులు ధర్నాకు కూర్చున్నారు. ఈయన కూర్చోలేదు. మూడు రోజులు వాళ్లకు అన్నం, నీళ్లు, మందులు మోస్తూ తిరిగాడు. ఆ తిరుగుడే ఆయన్ని సర్పంచిని చేసింది, తర్వాత జడ్పీటీసీని, చివరికి ఎమ్మెల్యేని. శాసనసభలో ఐదేళ్లలో నాలుగుసార్లు లేచి నిలబడ్డాడు. రెండుసార్లు మైకు రాలేదు.

సభలో ఆయన నేర్చుకున్న విద్య ఒక్కటే. మొదటి సమావేశాల్లో ఒక పాత సభ్యుడు క్యాంటీన్లో చెప్పాడట. "ఎవ్వర్నీ కాదనకు. అడిగినోళ్లకల్ల ఉత్తరం ఇయ్యి. నిజంగ కావాల్సిన పనైతే సంతకం కింద నీ చేత్తోటి తారీఖు ఎయ్యి. లేకుంటే ఉత్త సంతకం పెట్టు. ఆఫీసర్లకు ఎరికె." కాదనలేని సదాశివకు ఇది దేవుడిచ్చిన వరంలా కనిపించింది. ఆ ఉత్తరాలన్నీ టైపు చేసింది నేనే. తేదీ దగ్గర ఖాళీ వదిలిందీ నేనే. నన్ను నేను వెనకేసుకురాను.

రాయికోడ్ వైపు ఒక చిన్న ఊరు నుంచి నారమ్మ అనే ముసలావిడ ఆ ఐదేళ్లలో నాలుగుసార్లు వచ్చింది. ఊరికీ బడికీ మధ్య వాగు. దాని మీద కల్వర్టు కావాలని అడిగింది. ఆ ఊళ్లో ఓట్లు రెండు వందలు కూడా లేవు. నాలుగుసార్లూ ఉత్తరం ఇచ్చాడు, నాలుగుసార్లూ తేదీ వేయలేదు. ఆఫీసులో నకలు తీసుకుని అసలు తిప్పి ఇచ్చేవాళ్లు. వానకు తడవకూడదని ఆమె నా దగ్గర వాటికి లామినేషన్ చేయించుకునేది.

మొన్న మే నెలలో మళ్లీ ఆయన ఇంటికే వచ్చింది.

"పోయిన వానకాలం నా మన్మరాలు దీక్షిత వాగుల జారింది సారూ. పుస్తకాల సంచి పట్టి గుంజిన. ఈసారి వానలకు ముంగట పైపులన్న ఎయ్యకుంటే పిల్ల బడి బందు చేస్త."

"నేను ఓడిపోయిన గదవ్వా."

"నాలుగు కాయితాలు ఇచ్చింది మీరే గద!"

ఆ రోజు నుంచి సదాశివకు కాలు నిలవలేదు. ఇంజనీరు ఆఫీసుకు, మండలాఫీసుకు, అక్కడి నుంచి కొత్త ఎమ్మెల్యే పృథ్వీరాజ్ ఇంటికి తిరిగాడు. అందరూ లేచి నిలబడ్డారు, చాయ్ తాగించారు, పని మాత్రం చేయలేదు. కొత్త ఎమ్మెల్యే ఉత్తరం ఉంటేనే పనవుతుందన్నారు ఆఫీసర్లు. ఇలా మూడు వారాలు గడిచాయి. ఆకాశం మబ్బేస్తే చాలు, నా ప్రింటర్ మీద అరిచేవాడు. నాకూ చిర్రెత్తేది.

చివరికి పృథ్వీరాజ్ ఉత్తరం వచ్చింది. నారమ్మ ఎదుటే, నా షాపులోనే కవరు విప్పాడు. ఆకుపచ్చ సిరాతో పెద్ద సంతకం ఉంది. దాని కింద ఏమీ లేదు.

కౌంటరు మీది పెన్ను అందుకున్నాడు. తేదీ తానే వేసేస్తాడనుకున్నాను. వేస్తే బాగుండుననీ అనుకున్నాను. ఆయన పెన్ను కింద పెట్టి, తేదీ సంగతంతా ఆమెకు చెప్పేశాడు.

నారమ్మ సంచిలోంచి నాలుగు ఉత్తరాలూ తీసి కౌంటరు మీద పరిచింది.

"మరి గివి?"

"గవ్విట్ల గూడ లేదవ్వా."

"ఎందుకు ఎయ్యలే సారూ? చెయ్యి నొచ్చిందా?"

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

మర్నాడు పొద్దున ఇద్దరూ పృథ్వీరాజ్ ఇంటి ముందు వరుసలో నిలబడ్డారు. ఉండబట్టలేక నేనూ వెళ్లాను. పృథ్వీరాజ్ బయటికి వచ్చి, "అరే అన్నా, మీరు లైన్ల ఎందుకు? ఫోన్ కొడితే అయిపోతుండె గద" అన్నాడు. నారమ్మ ఉత్తరం, పెన్ను ముందుకు చాపింది.

"సంతకం కింద తారీఖు ఎయ్యి బిడ్డా. అది లేకుంటే పని కాదంట, గీ సారే చెప్పిండు."

వరుసలో ఉన్న ముప్పై మందీ చేతుల్లోని కాగితాలు తిప్పి చూసుకున్నారు. పృథ్వీరాజ్ సదాశివ వైపు ఒక్క చూపు చూసి, తేదీ వేశాడు. వెనకున్నతను వెంటనే తన కాగితం చాపాడు.

నారమ్మ గేటు బయటికి వచ్చి, సంచిలోంచి పాత ఉత్తరాలు నాలుగూ తీసింది.

"వీటికి గూడ ఎయ్యి సారూ."

"ఇప్పుడు నేనేస్తే ఏమొస్తదవ్వా?"

"ఏం రాదు. ఎరికె. ఎయ్యి."

సదాశివ గేటు పక్క అరుగు మీద కూర్చున్నాడు. మొదటి ఉత్తరం మోకాలి మీద పెట్టుకుని, తన సంతకం కింద తేదీ రాయబోయాడు. ప్లాస్టిక్ మీద పెన్ను జారిపోయింది. గట్టిగా ఒత్తాడు. గీత పడింది గానీ సిరా అంటలేదు. రెండోది తీశాడు. నారమ్మ పక్కనే నిలబడి, నాలుగూ అయ్యేదాకా చూసింది.