పాలికల పప్పు

కొత్త అల్లుడికి అత్తగారింట్లో పరువు పోవడానికి మామూలుగా ఏడాదైనా పడుతుంది. నాకు ఒక్క పూట చాలింది. భోంచేసి చదవండి, తర్వాత నన్ననకండి.

అప్పట్లో నేను కరీంనగర్‌లో గుమాస్తాను. ఏదో వారపత్రికలో "లేత మొలకల్లోనే బలమంతా" అన్న వ్యాసం చదివి, ఆ క్షణం నుంచి డాక్టర్నైపోయాను. పెళ్లయిన వారానికి లక్సెట్టిపేటలో అత్తగారింట్లో ఉన్నాను. అల్లుడు మహా తెలివైనవాడని మామ ఊరంతా చెప్పుకుంటున్నాడు. పాపం, ఆయన మాట నిలబెట్టాలని నాకు దురద పుట్టింది.

ఆ పొద్దున ఆడవాళ్లంతా పేరంటం పిలవడానికి వెళ్లారు. వెనక వసారాలో మట్టి మూకుళ్లు, వాటి నిండా బెత్తెడు మొలకలు! అత్తమ్మకు ఎంత ముందుచూపో అని మురిసిపోయి, కత్తెరతో నున్నగా గొరిగి, పెసరపప్పులో వేసి వెల్లుల్లి తాలింపు పెట్టాను.

"అల్లుడు వండిండా! మస్తు రుచున్నది," అని అత్తమ్మ మళ్లీ వడ్డించుకుంది.

"నా అల్లుడంటే ఏమనుకున్నరు!" అని మామ మీసం దువ్వాడు.

"గింత లేత కూర ఏడ దొరికింది?" అడిగింది నా భార్య సుగుణ.

"మన వసారాలనే, మూకుళ్లల్ల."

అత్తమ్మ చేతిలో ముద్ద జారిపోయింది. "ఓ అవ్వో! గవి పాలికలు గదా!"

పెళ్లిలో మూకుళ్లలో నవధాన్యాలు చల్లి, ముత్తయిదువలు పాలు చిలకరించి, మొలిచాక గోదావరిలో కలుపుతారు. కొత్త కాపురం అలాగే పచ్చగా ఉండాలని. ఆ తంతు నా కళ్లముందే జరిగింది. నేను మాత్రం ఫొటోగ్రాఫర్ వైపు తిరిగి, మొహం అందంగా పెట్టే పనిలో ఉన్నాను.

"నా కాపురాన్ని తాలింపేసిన్రు గదా!" అని సుగుణ ఏడుపందుకుంది. అంతలో వాకిట్లో డప్పులు! పాలికలు తీసుకుపోవడానికి ముత్తయిదువలు వచ్చేశారు.

"పరేషాన్ గాకుండ్రి," అంది సుగుణ అమ్మమ్మ. నోట్లో పళ్లు లేక ఆమె పప్పు జోలికి పోకుండా పెరుగన్నంతోనే సరిపెట్టుకుంది. "మొలకలు గంగల కలవాలె, గంతే గదా? గవి ఏడున్నయో దాన్నే ముంచుదాం."

"ఏడున్నయి?" అన్నాడు మామ.

అమ్మమ్మ ముందు నా పొట్ట చూపించింది. తర్వాత ఆయన పొట్ట.

డప్పులతో, మంగళహారతులతో, ఊరంతా చూస్తుండగా, పప్పు తిన్న మా నలుగురినీ ఊరేగించి గోదావరిలో ముంచారు. పట్టుపంచెతో మునుగుతూ కూడా మామ నన్నే చూస్తున్నాడు. ఆ చూపుకు సుగుణ నీళ్లలోనే పకపకా నవ్వేసింది. హమ్మయ్య, కాపురం నిలబడింది.

తడిబట్టలతోనే గోదావరి సాక్షిగా ఒట్టేశాను: ఇకమీదట ఏ పచ్చని ఆకు కనబడినా, అది ఏ దేవుడిదో, ఎవరి పెళ్లిదో కనుక్కోనిదే పొయ్యి వెలిగించను. వెలిగించినా, మామకు వడ్డించను.