శుక్రవారాల్లో మోగిన ఫ్రిజ్జు

మొన్న ఆదివారం, ముంబై పక్కన మా భివండీలో, అంజూర్ ఫాటా దగ్గర కొత్తగా తెరిచిన ఒక పెద్ద దుకాణంలో, తళతళలాడే ఫ్రిజ్జుల వరుసల మధ్య, కూర్చోవడానికి ఒక్క స్టూలైనా కనబడక, మోకాళ్ళు పట్టుకొని నిలబడి, నా కొడుకునీ కోడలినీ మనుమరాలినీ ఒకరి తర్వాత ఒకరిని మనసులో తిట్టుకుంటూ ఉన్నాను. అది మేం తిరిగిన నాలుగో దుకాణం. మా రోజుల్లో ఇంట్లోకి ఏదైనా వస్తువు కొనాలంటే ఒకరు పోయేవారు, కొనుక్కొని వచ్చేవారు, తెచ్చింది బాగా లేకపోతే అందరం కలిసి వారిని సాధించేవాళ్ళం, దాంతో పని అయిపోయేది. ఇప్పుడు అందరూ పోవాలి, అందరికీ నచ్చాలి, నచ్చిన తర్వాత ఫోన్లో ముక్కూ ముఖం తెలియనివాళ్ళు రాసింది చదివి మళ్ళీ నచ్చకుండా పోవాలి.

కొడుక్కి రెండు తలుపులది కావాలి. కోడలికి కూరగాయల అర వంగకుండా అందాలి. తొమ్మిదో తరగతి చదివే మనుమరాలికి రంగు ఒక్కటే ముఖ్యం. నాకు మాత్రం సన్నగా ఉన్నది కావాలి, ఎంత సన్నగా ఉంటే అంత మంచిది. ఎందుకో ఇంట్లో పదిసార్లు చెప్పాను, చెవిటివాని ముందు శంఖం ఊదినట్టే అయింది గనుక ఇక మీకే చెబుతాను.

పద్మనగర్‌లో మా ఇల్లు కార్ఖానా మీద ఉంటుంది. కింద మరమగ్గాలు, మా వాడుకలో సాంచాలు; పైన సంసారం. మా ఆయన పదహారేళ్ళ వయసులో కరీంనగర్ వైపు నుంచి ఇక్కడికి వచ్చి, ఇంకొకరి సాంచాల మీద నేసి నేసి, చివరికి సొంతంగా కొన్ని పెట్టుకున్నారు. ఏడాది కిందట వాటిని తుక్కు ఇనుము కొనే భంగార్‌వాళ్ళకు అమ్మేశాం. నడిపేవాళ్ళు దొరకరు, నడిపినా మిగిలేది లేదు, కొడుకు దగ్గర్లోని పూర్ణ ఊళ్ళో గోదాముల ఉద్యోగంలో కుదురుకున్నాడు, ఇంకెందుకు అని. అమ్మిన నాటి నుంచి ఆయనకు నిద్ర లేకుండా పోయింది. డాక్టరు దగ్గరికి పోతే బీపీ పెరిగింది, ఈయన నిద్రపోకపోతే లాభం లేదు అన్నాడు. మాత్రలు ఇచ్చాడు, అవి పని చేయలేదు. అలాంటి మనిషి మధ్యాహ్నం అన్నం తిన్న తర్వాత వంటింట్లో పాత ఫ్రిజ్జు పక్కన చాప పరచుకొని, దానికి వీపు ఆనించి పడుకుంటే మాత్రం గంటా గంటన్నర ఒళ్ళు తెలియకుండా నిద్రపోతారు. ముందు గదిలో మంచం ఉంది, ఫ్యాను ఉంది. అవి పనికిరావు. పొయ్యి దగ్గరికి పోవాలంటే నేను ఆయనను దాటుకొని పోవాలి, ఎన్నిసార్లు గొణుక్కున్నానో లెక్క లేదు, అయినా లేపను. రోజు మొత్తంలో ఆయనకు దక్కే నిద్ర అదొక్కటే. వెడల్పాటి ఫ్రిజ్జు వస్తే ఆ చాపెడు జాగా పోతుంది. అందుకని నాలుగు దుకాణాల్లోనూ టేపు పట్టుకొని కొలిచింది నేనొక్కదాన్నే, చూసినవాళ్ళు దర్జీపని చేసే ముసలమ్మ అనుకుని ఉంటారు.

ఇంతకూ పాత ఫ్రిజ్జు చేసిన నేరమేమిటంటే, చప్పుడు. ఈ ఏడాదిలోనే మొదలుపెట్టిందట. టీవీ వినబడనివ్వదట, పిల్లను చదువుకోనివ్వదట. మనుమరాలైతే చెవులు మూసుకొని, తనకు అలవాటైన మరాఠీ తెలుగు కలగాపులగంలో, "నానమ్మా, కితీ ఆవాజ్ చేస్తది ఇది, అభ్యాస్ ఎట్ల చేసుకోవాలె?" అని రోజూ నా మీదికి వస్తుంది, దాన్ని నేనే కని పెంచినట్టు. ఆ దుకాణంలో సేల్స్‌మన్ కూడా ప్రతి ఫ్రిజ్జు తలుపూ తెరిచి మూస్తూ, దీనికి ఆవాజే రాదు, దీనికి అసలే రాదు అని ఒకటే పాట. చప్పుడు, చప్పుడు అని అంతమంది అంటుంటే, కాళ్ళ నొప్పితో నిలబడ్డ నాకు ఈ ఫ్రిజ్జు మా ఇంటికి వచ్చిన కొత్తలో జరిగిన రభస గుర్తుకొచ్చింది.

అప్పటికి మా వాడలో ఫ్రిజ్జు ఉన్న ఇళ్ళు చాలా తక్కువ. సాంచాలకు సుట్టీ, అంటే సెలవు, శుక్రవారం గనుక, భివండీలో పెళ్ళిచూపులైనా ఆసుపత్రైనా బజారైనా శుక్రవారమే. మా ఆయన ఒక్కరే పోయి, ఒక్క తలుపు ఎర్ర ఫ్రిజ్జును చేత్తో లాగే హాత్‌గాడీ మీద తెచ్చి, ఇరుకు మెట్ల మీద పక్కకు వంచి పైకి ఎక్కించారు. అలా వంచితే మర్నాటిదాకా కరెంటు పెట్టొద్దని దుకాణంవాడు చెప్పి పంపాడు. మా అత్తమ్మ దానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. మర్నాడు పొద్దున సాంచాలు నడవడం మొదలైన తర్వాత స్విచ్చి వేశాం. కింద అన్ని సాంచాలు రాత్రీ పగలూ ఆగకుండా ఆడుతుంటే మా ఇంట్లో నేల అదిరేది, గిన్నెలు ఒకదానికొకటి తగిలి గలగలమనేవి, పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడాలన్నా గొంతెత్తాలి. సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి కొత్త కోడలిగా వచ్చినప్పుడు వీళ్ళందరూ రోజూ కొట్లాడుకుంటున్నారేమో అని నేను వారం రోజులు బిక్కచచ్చిపోయాను. తర్వాత నా గొంతు కూడా అలాగే అయింది. ఇప్పటికీ ఫోన్లో మాట్లాడితే మా చెల్లెలు నెమ్మదిగా మాట్లాడమంటుంది.

సరే, వారం రోజులు ఫ్రిజ్జు బంగారంలా పని చేసింది. శుక్రవారం వచ్చింది, సాంచాలు ఆగాయి. అన్నాలు తిని నడుం వాల్చామో లేదో వంటింట్లోంచి గుర్రుమని ఒక చప్పుడు. కాసేపు మోగి, ఒళ్ళు జలదరించినట్టు ఒకసారి ఊగి ఆగిపోయింది. మళ్ళీ మొదలైంది. అందరం లేచి దాని చుట్టూ నిలబడ్డాం. కొత్త వస్తువు, అప్పుడే చెడిపోయిందా అని నాకు ఏడుపు ఒక్కటే తక్కువ. అత్తమ్మ తలుపు తీసి లోపలికి చూసింది, గుడ్లు కనబడ్డాయి. శుక్రవారం పూట, బొట్టు పెట్టిన వస్తువులో గుడ్లు. ఇంకేముంది, తప్పు నా నెత్తిన పడింది.

"లక్ష్మి ఉన్న జాగల గట్ల పెడ్తరా ఎవలన్న?" అని ఆ రోజంతా నన్ను సాధిస్తూనే ఉంది.

మర్నాడు మెకానిక్కును పిలిచాం. అతను వచ్చేసరికి కింద సాంచాలు ఆడుతున్నాయి. వెనక చూశాడు, లోపల చూశాడు, చెయ్యి పెట్టి చూశాడు, ఏ చప్పుడూ లేదు, అన్నీ బాగానే ఉన్నాయి అని అరిచి చెప్పి పోయాడు. మాకు కూడా ఏ చప్పుడూ వినబడలేదు. శుక్రవారం వస్తే మళ్ళీ మోగింది. శనివారం మళ్ళీ మెకానిక్కు, మళ్ళీ ఏమీ లేదు. శుక్రవారమే రావయ్యా అంటే అది అతనికీ సుట్టీ రోజే. అత్తమ్మకు ఇంతకన్నా రుజువేం కావాలి? వారమంతా నోరు మెదపని ఫ్రిజ్జు శుక్రవారం ఒక్కనాడే మోగుతుందంటే అమ్మవారి కోపం కాక ఇంకేమిటి? ఎండుమిరపకాయలు, ఉప్పు తిప్పి ఫ్రిజ్జుకు దిష్టి తీసింది. గురువారం సాయంత్రమయ్యేసరికి గుడ్లు, మాంసం, చివరికి ఉల్లిగడ్డలు కూడా బయటికి పోవాలని నియమం పెట్టింది.

వాటిని ఎక్కడ పెట్టాలి? మా గోడకు ఆనుకొని ఉన్న ఇంట్లో ఒక క్రైస్తవుల కుటుంబం, ఆ ఇంటి ఆవిడను నేను అక్కా అనేదాన్ని. వాళ్ళదీ కార్ఖానా మీది ఇల్లే. అక్కావాళ్ళు కూడా ఆ నెలలోనే ఫ్రిజ్జు కొన్నారు. గురువారం సాయంత్రం గుడ్ల బుట్ట పట్టుకొని పోయి ఆమె ఫ్రిజ్జులో పెట్టి వచ్చాను. శుక్రవారం మధ్యాహ్నం ఆమె చేతులు తుడుచుకుంటూ గాభరాగా వచ్చింది. వాళ్ళ ఫ్రిజ్జు కూడా గుర్రుమంటోందట.

"గుడ్లల్ల ఏం పెట్టిచ్చినవ్ చెల్లె, మాదాన్ని గూడ పట్టుకున్నది" అంది.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ రోజు అత్తమ్మ ముఖంలో వెలుగు చూడాలి. చూశావా, గుడ్లు ఎక్కడికి పోతే రోగం అక్కడికి పోయింది అని, మా ఫ్రిజ్జు కూడా పక్కనే మోగుతున్న సంగతి మరిచి, ఆమె తీర్పు చెప్పేసింది. అక్క మాత్రం, మా ఇంట్లో లక్ష్మి లేదు కదా పెద్దమ్మా, మాకెందుకు ఈ కోపం అని మెల్లగా అడిగింది. అయినా అత్తమ్మ వెనక్కి తగ్గే మనిషి కాదు. ఇలా ఎన్ని శుక్రవారాలు గడిచాయో. నేను గుడ్ల బుట్ట మోస్తూ మెట్లు దిగడం, ఎక్కడం, రెండిళ్ళ మధ్య తిరగడం తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అది ఎలా తేలిందంటే, నూలు ధరలు పెరిగాయని యజమానులందరూ కలిసి సాంచాలు బంద్ పెట్టారు. శుక్రవారం కాదు, వారం మధ్యలో ఏదో రోజు. వాడంతా ఊపిరి బిగబట్టినట్టు ఉంది. ఇంట్లో ఒక్క గుడ్డు లేదు. ఫ్రిజ్జు శుభ్రంగా మోగింది. పని లేక వంటింటి గడపలో కూర్చొని ఉన్న మా ఆయన లేచి, దాని మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డారు. సాంచె ఎలా నడుస్తోందో చూడాలన్నా ఆయన అలాగే చెయ్యి పెట్టి చూసేవారు, చూసి, పోగును అటూ ఇటూ మోసే నాడె సరిగా పోతోందో లేదో చెప్పేవారు. తర్వాత పడి పడి నవ్వారు.

"ఏమే, ఇది రోజు గిట్లనే మోగుతదే. మనకే ఇనవడలే."

అంతే. వారంలో ఆరు రోజులు సాంచాల మోతలో అది మోగుతున్నట్టే మాకు తెలియలేదు. వాడంతా ముక్కున వేలేసుకుంది. అత్తమ్మ మాత్రం పోయేదాకా శుక్రవారం గుడ్లు పెట్టనివ్వలేదు.

ఇదంతా గుర్తుకొచ్చి దుకాణంలో నాలో నేను నవ్వుకుంటుంటే, మా ఆయన ఫ్రిజ్జుల వరుస వెంట పోతూ ఒక్కొక్క దాని మీద అరచెయ్యి ఆనించి, ఆగి, తల అడ్డంగా ఊపి ఇంకోదాని దగ్గరికి పోవడం కనబడింది. అప్పటికే నా ఓపిక అయిపోయింది. ఆయనకూ ఒక వంకేనా అనుకొని దగ్గరికి పోయి, ఇందులో ఏం బాగా లేదో చెప్పమని కాస్త గట్టిగానే, అంటే దుకాణంలో అందరూ తిరిగి చూసేంత గట్టిగా అడిగాను.

"అన్ని బందే ఉన్నయ్ కదనే. నడిచేది ఒక్కటన్న చూపియ్యమను" అన్నారు.

సేల్స్‌మన్ నవ్వి, ఇది నడుస్తూనే ఉంది బాబాజీ అని తలుపు తెరిచి లోపలి దీపం చూపించాడు, చల్లదనం చూపించాడు. మా ఆయన వంగి దానికి చెవి ఆనించారు. చాలాసేపు అలాగే ఉన్నారు. కొడుకు సిగ్గుపడి అటు తిరిగాడు. ఆయన లేచి, "లేదు బిడ్డా, నడుస్తలేదు" అని ఆ పిల్లవాడితో మెల్లగా చెప్పి, చేతులు వెనక్కి కట్టుకొని గుమ్మం వైపు పోయారు.

నా చేతిలో టేపు అలాగే ఉండిపోయింది. నాలుగు దుకాణాల్లోనూ నేను కొలిచింది చాపెడు జాగా. ఆయనకు కావలసింది జాగా కాదు. మంచం మీద, ఫ్యాను కింద, మాత్రలు మింగినా రాని నిద్ర ఆ పాత డబ్బాకు వీపు ఆనించగానే ఎందుకు వచ్చిందో నాకు అక్కడ, అంతమంది మధ్యలో అర్థమైంది. ఇంట్లో ఇంకా నడుస్తున్నది అదొక్కటే. నాకు ఏడుపొచ్చింది, ఏడుస్తున్నందుకు కోపం కూడా వచ్చింది.

చివరికి కొన్నది రెండు తలుపులదే. చిలికి చిలికి గాలివాన కానీయడం ఎందుకని నేనే ఒప్పుకున్నాను, కాని పాతది ఎక్స్ఛేంజికి ఇవ్వనని మొండికేశాను. కొడుకు కరెంటు బిల్లు గురించి మాట్లాడాడు. కోడలు జాగా లేదంది. మనుమరాలు తన చదువు గురించి గోల పెట్టింది. అయినా పాతదాన్ని ముందు గదిలో మంచం తలాపు దగ్గరికి జరిపించాను. లోపల రెండు నీళ్ళ సీసాలు తప్ప ఏమీ లేవు. ఇంట్లో ఉన్నవాళ్ళందరూ నన్నొక పిచ్చిదానిలా చూశారు. చూడనీ. పిల్లకు చదువుకోవడానికి నేను వంటింట్లో మిగిలిన కాస్త జాగాలో చాప మడిచి వేశాను, అక్కడిప్పుడు ఈగ వాలినా వినబడేంత నిశ్శబ్దం.

ఆ మధ్యాహ్నం మా ఆయన మంచం మీదే నిద్రపోయారు. అది మోగి మోగి ఆగినప్పుడు కళ్ళు తెరిచారు, మళ్ళీ మొదలవగానే మూసుకున్నారు. నేను మెట్ల వైపు గుమ్మం దగ్గర కూర్చొని బియ్యం ఏరుతూ కింద కార్ఖానాలోకి చూశాను. దాన్ని ఎవరికో గోదాముగా కిరాయికి ఇచ్చాం. అట్టపెట్టెలు, వాటి మధ్య ఫోన్లు చూసుకుంటూ ఇద్దరు మనుషులు. ఒకప్పుడు చెవులు రింగుమంటూ ఆరు రోజులు గడిపి, శుక్రవారం ఎప్పుడొస్తుందా, కాస్త చప్పుడు లేకుండా ఎప్పుడుంటుందా అని ఎదురుచూసేవాళ్ళం, వస్తే దానికోసం గుడ్లు కూడా ఇల్లు దాటించేవాళ్ళం. ఇప్పుడు మా వాడలో చాలా ఇళ్ళకు వారమంతా శుక్రవారమే.